నోరు మూసుకోవలసిన గది

మా పెద్దమ్మ నోరు ఊరుకోదు. కూరలో ఉప్పు వేస్తూ ఉప్పుతో కూడా మాట్లాడేది. అలాంటి మనిషి పొద్దంతా నోరు మూసుకుని చేసే ఉద్యోగంలో చేరింది. డేగల పెంపక కేంద్రంలో పిల్లలకు మేత పెట్టడం ఆమె పని. పెద్దయ్యాక వాటిని కొండల్లో వదిలేస్తారు. మనిషి ముఖమో గొంతో అలవాటైతే మనిషినే తల్లి అనుకుంటాయి, ఇక అడవిలో బతకలేవు. అందుకే చేతికి డేగ తల ఆకారంలో కుట్టిన తోలు తొడుగు వేసుకుని, గోడకున్న కన్నంలోంచి మాంసం ముక్కలు అందించాలి. దగ్గొచ్చినా బయటికి పరుగెత్తాలి.

"అక్కడ కట్టేసిన నోరు ఇక్కడికొచ్చి విప్పుతుంది," అనేవాడు పెదనాన్న. సెలవులకు వెళ్లిన మేం ఆ కబుర్ల కోసమే సాయంత్రం గుమ్మంలో కాచుకునేవాళ్లం.

ఒక ఏడాది ఆఖరి గుడ్డులోంచి ఒక బక్కపిల్ల బయటికొచ్చింది. తొడుగు ముక్కుతో ఎంత తట్టినా నోరు తెరవలేదు. మర్నాటికి మెడ వాల్చేసింది. పెద్దమ్మ ఉండబట్టలేక కన్నానికి నోరు ఆనించింది.

"తిను తల్లీ. ఒక్క ముక్క. నా బంగారం కదూ."

పిల్ల తలెత్తి తిన్నది. ఆ తర్వాత ఆ గొంతు వినపడితే తప్ప ముట్టలేదు.

వదిలే రోజు దగ్గరపడింది. కేంద్రం వరండాలో పెద్దమ్మ గొంతు వినగానే అది గది కిటికీ వలకు అతుక్కుని మేత కోసం గోల పెట్టింది. పక్షులను చూసే డాక్టరుగారికి సంగతి అర్థమైంది.

"ఎంత పని చేశావమ్మా. దీన్నిక వదల్లేం."

"తినకపోతే చచ్చిపోయేది సార్."

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంట్లో మాట్లాడలేదు. పెదనాన్న హాస్యాలేవీ పనిచేయలేదు. ఆ పక్షికి ఆకాశం లేకుండా చేశానన్న దిగులు ఏళ్ల తరబడి ఆమెను వదల్లేదు.

అది పెద్దదయ్యాక డాక్టరుగారు తల్లి లేని రెండు పిల్లల్ని దాని గదిలో పెట్టి చూశారు. అది వాటిని చూసింది, మాంసాన్ని చూసింది, చివరికి కన్నం వైపు చూసింది. అవతల పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. కాసేపటికి డేగ ఒక ముక్క చీల్చి, మెడ కాస్త ఎడమకు వంచి, పిల్ల నోటికి అందించింది. పెద్దమ్మ తొడుగును అచ్చం అలాగే వంచేది.

ఆ పిల్లలు కొండలకు ఎగిరిపోయాయి. తర్వాత కూడా ఏటా కొన్నింటిని అదే పెంచింది. పనిలేని పాత తొడుగు మా పెద్దమ్మ వంటింటికి చేరింది. వేడిగిన్నెలు దానితోనే దించుతుంది, ఇప్పటికీ కాస్త ఎడమకు వంచి, గిన్నెతో ఏదో చెబుతూ.