నలభై ఎనిమిదో కార్డు

ఆ ఊళ్ళో కాగితమై పుట్టాక లామినేషన్ బాబాయ్ చేతికి చిక్కకుండా తప్పించుకున్నది లేదు. జనన పత్రాలు, డిగ్రీలు, డాక్టరు చీటీలు, ఎవరో ఒకావిడ దాచుకున్న ఎండు గులాబీ, అన్నీ ఆయన షాపుకే. ప్లాస్టిక్ కవర్లో పెట్టి వేడి మిషన్లోకి తోశాడంటే అవతలి నుంచి అద్దం ముక్కలా వచ్చేది. ఓసారి వరదలో ఒకాయన ఇల్లూ వాకిలీ, మంచమూ బీరువా కొట్టుకుపోతే, పెళ్ళి సర్టిఫికెట్టు ఒక్కటే తేలుకుంటూ, వెతుక్కుంటూ ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చిందట. ఆ మొగుడు బాబాయ్‌ని ఇప్పటికీ క్షమించలేదు. "నా చేతి పనికి చావు లేదు" అని బాబాయ్ కౌంటరు మీద చరిచి మరీ చెప్పేవాడు.

అంతటివాడు యాభయ్యో ఏట మళ్ళీ కుర్రాడైపోవడానికి కారణం పళ్ళ డాక్టరు.

బాబాయ్ బడికెళ్ళే రోజుల్లో చూయింగ్ గమ్ పొట్లంలో ఒక్కో క్రికెట్ ఆటగాడి కార్డు వచ్చేది. మొత్తం నలభై ఎనిమిది మంది. బాబాయ్ దగ్గర నలభై ఏడుగురు చేరారు. ఎడమచేతి స్పిన్నరు ఒక్కడే చిక్కలేదు. ఆ ఒక్కడి కోసం నమిలి నమిలి నాలుగు దవడ పళ్ళు పుచ్చిపోయాయి. ఈలోపు పదో తరగతి తప్పాడు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. కార్డులన్నీ తెప్పించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీ చేత్తోనే చింపు, ఒక్కొక్కటీ" అన్నాడు. నలభై ఏడూ చినిగేదాకా అక్కడే కూర్చుని తాపీగా కాఫీ తాగాడు.

ముప్ఫై అయిదేళ్ళ తరవాత, పోయిన పళ్ళు కట్టించుకుందామని డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు బాబాయ్. ఎదుటి గోడ మీద, ఫ్రేములో ఎడమచేతి స్పిన్నరు! నోటి నిండా దూది. "ఆ... ఆ..." అన్నాడు.

"నొప్పా?" అన్నాడు డాక్టరు.

నొప్పి కాక మరేమిటి?

డాక్టరు దగ్గర ఆ కార్డులు రెండున్నాయి. పాత కార్డులు పోగేసేవాళ్ళ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పదిమంది సభ్యుల ముందు నవ్వుతూ మాటిచ్చాడు. "మిగతా నలభై ఏడూ సంపాదించవయ్యా. రెండో కార్డు నీకే ఇస్తా. మన ప్రదర్శనలో సెట్టు మొత్తం అద్దాల పెట్టెలో పెట్టి, కింద నీ పేరు వేయిస్తా."

ఎలాగూ దొరకవని ఆయన ధీమా. బాబాయ్ మూడేళ్ళు తిరిగాడు. పాత సామాన్ల కొట్లు, మూసేసిన కిరాణా గోదాములు, చచ్చిపోయినవాళ్ళ పెట్టెలు దేన్నీ వదల్లేదు. బావమరిదికి ఇదో పండగ.

"బావా, చిన్నప్పటివన్నీ వెనక్కి తెస్తున్నావుగా, ఆ చేత్తోనే జుట్టు కూడా వెతకరాదూ?"

"నీకు బుర్ర దొరికిన రోజున వెతుకుతాలేరా!"

నలభై ఏడూ చేరాయి. ప్రదర్శనకి రమ్మని వీధి వీధంతా పిలిచాడు బాబాయ్. పెళ్ళి పిలుపులు కూడా అంత శ్రద్ధగా పిలవలేదని భార్య దెప్పింది.

వారం రోజుల ముందు కార్డుల్ని షాపు బల్ల మీద పరుచుకున్నాడు. అట్టలు ముసలివై మెత్తబడ్డాయి. ఏ వేలు తగిలినా చినిగేలా ఉన్నాయి. చినుగుతుంటే వచ్చే చప్పుడు ఆయనకి తెలుసు, నలభై ఏడుసార్లు విన్నాడు. డాక్టరుకి ఫోన్ చేశాడు.

"డాక్టరు గారూ, కార్డులన్నీ లామినేషన్ చేసేస్తున్నా. ఇక దేవుడు దిగొచ్చినా చింపలేడు."

అవతల డాక్టరు వెంటనే అందుకున్నాడు.

"చెయ్యవయ్యా. నీ పని నీకు నేను చెప్పాలా?"

ఒక్క బుడగ లేకుండా, ఒక్క మూల వంకర పోకుండా చేశాడు. జీవితంలో అంత గొప్పగా ఏ డిగ్రీనీ చెయ్యలేదు. సంఘం గదికి తీసుకెళ్ళి బల్ల మీద పోస్తే గలగలమన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పైన అందరూ.

"శవాన్ని భలే ముస్తాబు చేశావు బాబాయ్!"

ఎందుకు నవ్వుతున్నారో డాక్టరే విడమరిచి చెప్పాడు. కార్డంటే అట్ట. అంచు తాకి చూడాలి, వెనక్కి తిప్పి చూడాలి. వేడికి ప్లాస్టిక్ అంటుకుపోయాక అది కార్డు కాదు, చెత్త.

"మొన్న ఫోన్లో మీకు చెప్పాను కదండీ..."

"చెప్పావు." డాక్టరు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అన్నీ సొంత పళ్ళే. "నేను వద్దంటే నువ్వు మానేసేవాడివి. అప్పుడు నా కార్డు నీకిచ్చుకోవాల్సొచ్చేది కదయ్యా!"

బాబాయ్ షాపుకి తిరిగొచ్చి కెప్టెన్ కార్డుని మళ్ళీ వేడి చేసి, బ్లేడుతో మెల్లగా ప్లాస్టిక్ లేపాడు. దాంతోపాటే కెప్టెన్ మొహమూ లేచొచ్చింది. అట్ట మీద కాళ్ళూ బ్యాటూ మిగిలాయి. రెండోదాని జోలికి పోలేదు.

మర్నాడు డాక్టరే ఫోన్ చేశాడు. "ఇచ్చిన మాట తప్పేవాణ్ణి కాదు నేను. నీ సెట్టు అద్దాల పెట్టెలో పెడుతున్నాం. పేరు చీటీ నువ్వే లామినేషన్ చేసి పట్టుకురా. రాసుకో." చీటీలో ఏం ఉండాలో చెప్పాడు. బాబాయ్ రాసుకున్నాడు. కాదంటే వీధికి ఏం చెప్పాలి? పేరు వేస్తారని పిలిచాడాయె.

ప్రదర్శనకి వీధంతా వచ్చింది. పెట్టె ముందు నిలబడి బావమరిది పైకే చదివాడు. "కార్డులను ఇలా నాశనం చేయరాదు. కొత్తగా చేరిన సభ్యులకు హెచ్చరిక." దాని కింద ఇంటిపేరుతో సహా బాబాయ్ పేరు. చదవడం అయ్యాక వాడికి జోకు తట్టలేదు. బావ చెయ్యి పట్టుకోబోయి మానేశాడు.

"పేరు మాత్రం పెద్దక్షరాల్లో వేశారండీ" అంది భార్య, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

సాయంత్రం ఎవరో కొత్తాయన వచ్చి, కార్డుల వంక చూడనైనా చూడకుండా, పెట్టెకి అతికించిన చీటీని గోటితో తట్టాడు.

"అబ్బ, ఏం పనితనమండీ! మా అమ్మాయి సర్టిఫికెట్లున్నాయి. ఇది ఏ షాపులో చేశారో తెలుసా మీకు?"

"తెలీదండీ" అన్నాడు బాబాయ్.