మంచులో ‘అత్తా’ అని పిలిచింది నన్ను కాదు

ఊళ్ళు చూద్దామని పెట్టుకున్న ప్రయాణం కాదిది. బాపట్లలో కాపురముంటున్న మా అమ్మాయి సుగుణ రాసిన ఉత్తరానికి ఏం జవాబు రాయాలో తెలియక బయలుదేరాను. పెళ్ళయ్యాక అది ఒక కొత్త క్రైస్తవ సహవాసంలో చేరింది. “ఈ ఆదివారం కాలవలో బాప్తిస్మం తీసుకుంటున్నాను. నువ్వూ నాతో దిగాలి. పసితనంలో నుదుటిమీద చల్లిన నీళ్ళు దేవుడి దగ్గర చెల్లవట. నువ్వు దిగకపోతే పరలోకంలో మనం కలుసుకోమేమోనని నాకు నిద్ర పట్టడం లేదమ్మా” అని రాసింది. ఆ ఉత్తరం తీసుకెళ్ళి తెనాలిలో మా గుడి అయ్యగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “రెండోసారి మునిగితే రిజిస్టరులో మీ పేరు ఉంచలేనమ్మా. సమాధుల తోటలో మీవారి పక్కన చోటు కూడా ఇవ్వలేను” అన్నారు. మావారు పోయి ఆరేళ్ళయింది. ఆ చోటు నాకోసమే ఖాళీగా ఉంచారు. మా తమ్ముడు మాత్రం, “మునిగితే ఏం పోతుందక్కా, మహా అయితే పడిశం పడుతుంది” అని నవ్వేశాడు. ముగ్గురూ నా మంచి కోరేవాళ్ళే. వాళ్ళలో ఒక్కరైనా పరాయివాళ్ళయి ఉంటే నాకింత కష్టం ఉండేది కాదు. ప్రార్థనకి కూర్చుంటే వాళ్ళ మాటలే వినిపించేవి.

రేపల్లె దగ్గర దీనమ్మగారని ఒకామె ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు పేటపేటకీ నడిచి వాక్యం చెప్పిన పంతులమ్మ. నా బాప్తిస్మంనాడు మా అమ్మ జ్వరంతో పడి ఉంటే నన్ను ఎత్తుకుని గుడికి తీసుకెళ్ళింది ఆవిడే. ముందు ఆవిణ్ణి చూసి, అటునుంచి అటే బాపట్ల వెళ్దామనుకున్నాను.

శనివారం పొద్దున ఆరింటి రేపల్లె బండి ఎక్కాను. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి లోపే. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే సూర్యుడు కనిపిస్తాడని మావారు చెప్పేవారు. ఆరోజు సూర్యుడు లేడు. క్రిస్మస్ వెళ్ళిన రెండో వారం, మంచు కాలం. ఇంజను పొగా మంచూ కలిసిపోయి, బండి పాలలో ఈదుతున్నట్టు మెల్లగా పోతోంది. కోసిన పొలాల్లో మినుము మొలకలు పట్టాల పక్కన రెండు గజాల మేర కనిపించి, ఆపైన ఏమీ లేదు. ఒకచోట బండి ఆగింది. స్టేషను పేరు కనిపించలేదు. ఒకాయన వేమూరన్నాడు. ఇంకొకాయన భట్టిప్రోలని పందెం కాశాడు. మా బల్లమీద కూర్చున్న పెద్దాయన కళ్ళు తెరవకుండానే, “దిగాల్సినవాళ్ళు దిగుతున్నారు కదండి, మీకెందుకండి గొడవ?” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఊరు ఏదో నాకిప్పటికీ తెలియదు.

ఏడున్నరకి చేరాల్సిన బండి ఎనిమిది దాటాక రేపల్లె చేరింది. స్టేషను బయట ఒకామె వేడివేడి ఇడ్లీలు అమ్ముతుంది, పావలాకి కడుపు నిండుతుంది. నాకు చట్నీ వేస్తూ దోవ చెప్పింది.

“దీనమ్మగారి పేటకా పిన్నీ? కాలవ గట్టెక్కండి. నీళ్ళు ఎడంచేతి పక్కన ఉంచుకుని మైలున్నర నడవండి. ఎవరేం చెప్పినా గట్టు మాత్రం దిగొద్దు.”

“మధ్యలో మళ్ళీ ఎవర్నన్నా అడగనామ్మా?”

“అడిగితే తలా ఒక అడ్డదారి చెప్తారండి. అన్నీ బురదలోకే!”

గట్టెక్కాను. నీళ్ళు కనిపించడం లేదు, ఒడ్డున ఒరుసుకునే చప్పుడు మాత్రం ఎడంచెవికి వినిపిస్తోంది. దాన్నే పట్టుకుని నడిచాను. ఎంతసేపు నడిచానో తెలియదు. కాళ్ళు నావి కావేమో, ఎవరో నన్ను నడిపిస్తున్నారేమో అనిపించింది. అంతలో కుడివైపు మంచులోంచి, “అత్తా! ఇటు రా అత్తా!” అని పిలుపు వచ్చింది. ఎంత ప్రేమగా ఉందో ఆ గొంతు! ఇంకేమీ ఆలోచించకుండా గట్టు దిగాను. నాలుగడుగుల్లో మోకాలిదాకా బురద, ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. గడ్డి మోపుతో ఒక కూలిపిల్ల మంచులోంచి బయటికొచ్చి నన్ను చూసి నోరు నొక్కుకుంది.

“అయ్యో, నిన్ను కాదమ్మా, మా అత్తని పిలిచా!”

“నేనూ అత్తనే కదమ్మా అనుకున్నాను.”

“ఈ చేలో ఉన్నోళ్ళంతా అత్తలే! పలికినోళ్ళంతా దిగితే ఇంక గట్టుమీద ఎవరుంటారు?” అని పకపకా నవ్వుతూనే చెయ్యిచ్చి పైకి లాగింది. చెప్పు కూడా వెతికిపెట్టింది.

దీనమ్మగారికి ఎనభై దాటాయి, చూపు బాగా తగ్గింది. నా బురద కాళ్ళు తడిమి చూసి, “ఎవరు పిలిస్తే దిగావే కరుణమ్మా?” అన్నారు. కాళ్ళు కడుక్కుని, ఆవిడ పోయించిన గంజి తాగి, ఉత్తరం చదివి వినిపించాను. అయ్యగారి మాటా చెప్పాను. “ఏది సరైందో మీరే చెప్పండి” అని ఆవిడ చేతులు పట్టుకున్నాను.

“ఇప్పటికే ముగ్గురున్నారుగా. నన్ను నాలుగో గొంతు చెయ్యకే” అన్నారావిడ.

నా చేతులు తన ఒళ్ళోకి లాక్కున్నారు. తర్వాత ఆవిడే నెమ్మదిగా అన్నారు: “నీ బాప్తిస్మంనాడు నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు. నీళ్ళు పడితే ఏడుస్తావనుకున్నా. పెదవి కదిపి మళ్ళీ నిద్రపోయావు. అప్పటి అయ్యగారు ‘కరుణమ్మా’ అని పిలిచారు. ఈ లోకంలో నిన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. నువ్వు పలకలేదు. పలకలేదని దేవుడు ఆ పిలుపు వెనక్కి తీసుకున్నాడంటావా?”

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

“సుగుణ నీళ్ళు సుగుణవి. ఎగతాళి మాత్రం చెయ్యకు” అని తలమీద చెయ్యి పెట్టి పంపించారు.

రేపల్లెలో ఒంటిగంటకి బాపట్ల బస్సుంది. చెరుకుపల్లి మీదుగా రెండున్నర గంటలు, ఛార్జీ రెండు రూపాయల లోపు. మంచు విడిపోయి వరికుప్పలు బంగారంలా ఉన్నాయి. చూస్తూ చూస్తూ నిద్రపోయాను. నిద్రలో నేను చాలా చిన్నదాన్ని, ఎవరి చేతుల్లోనో ఉన్నాను. ఎవరివో చూద్దామంటే కళ్ళు తెరవబుద్ధి కాలేదు, అంత హాయిగా ఉంది. “బాపట్లండి పిన్నిగారూ! ఇంకా పడుకుంటే మళ్ళీ రేపల్లె తీసుకుపోతాను” అన్నాడు కండక్టరు.

సుగుణ నాకోసం తెల్లచీర ఉతికి ఆరేసి ఉంచింది. దాన్ని చూడగానే సుగుణని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. “రేపు కాలవదాకా వస్తానమ్మా. నీ పొడిబట్టలు పట్టుకుని నిలబడతాను. నీళ్ళలోకి మాత్రం దిగను.”

“నాన్న పక్కన చోటు పోతుందనా?”

“పొద్దుటిదాకా ఆ భయమే ఉండేది. ఇప్పుడది కాదు. నిద్రపోతున్నదాన్ని ఎత్తుకున్నాడమ్మా దేవుడు. మళ్ళీ ఎత్తుకోమంటే ఆ చేతుల్ని నమ్మనట్టు ఉంటుంది.”

“మరి మనం కలుసుకోకపోతే?” అంది. పాతికేళ్ళ పిల్ల, చిన్నప్పటిలా నా కొంగు పట్టుకుంది.

“నిన్ను పట్టుకున్న చేతులూ అవే కదా. ఒకళ్ళ చేతుల్లోనే ఉండి ఎట్లా కలుసుకోమే పిచ్చిదానా?”

అది లేచి తెల్లచీర తీసి మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె మూత చప్పుడు నాకు చాలాసేపు వినిపించింది.

ఆదివారం పొద్దునా మంచే. ఊరి బయట కాలవలో పదిహేనుమంది దాకా దిగారు. గట్టుమీద నాలాంటి తల్లులు కొందరు. పాట అయిపోయింది, మునకలు మొదలయ్యాయి. మునిగిన ప్రతి పిల్లా చలికి వణుకుతూ, కళ్ళలో నీళ్ళతో ఏమీ కనిపించక, “అమ్మా, అమ్మా” అంటూ ఒడ్డుకి వస్తోంది. అన్నీ ఒక్కలాంటి పిలుపులే. కదలకుండా నిలబడ్డాను. అప్పుడొచ్చింది ఒక ‘అమ్మా’. మనిషి ఇంకా కనిపించలేదు. అడగనక్కర్లేకుండా, ఆలోచించనక్కర్లేకుండా నా కాళ్ళు అటు నడిచాయి. తువ్వాలు కప్పాను. అది తడి తలని నా భుజంమీద పెట్టి, “వచ్చావామ్మా” అంది.

సాయంత్రం నాలుగింటి ప్యాసింజరులో బాపట్ల నుంచి తెనాలి వచ్చేశాను, గంటన్నర ప్రయాణం. ఎవరిది సరైన బాప్తిస్మమో తేల్చగల చదువు నాకు లేదు. అయ్యగారూ, అమ్మాయీ ఆ మాట ఇంకా ఉత్తరాల్లో వాదించుకుంటూనే ఉన్నారు. ప్రేమగా పిలిచిన ప్రతి గొంతూ నాకోసమే అనుకుని గట్టు దిగిపోయే మనిషిని నేను. అయినా తెలుసుకోవాల్సిన గొంతు వచ్చినప్పుడు తెలుస్తుందని ఆ కాలవ దగ్గర నమ్మకం కుదిరింది. కన్నబిడ్డ గొంతు నాకే తెలిసినప్పుడు, నా గొంతు దేవుడికి తెలియకుండా ఉంటుందా?

మంచు రోజుల్లో దీనమ్మగారి పేటకి వెళ్ళేవాళ్ళు నీళ్ళు ఎడంచేతి పక్కనే ఉంచుకోండి. బాప్తిస్మానికి ఎవరికైనా తోడు వెళ్తుంటే రెండు తువ్వాళ్ళు పట్టుకెళ్ళండి. ఒకటి నీళ్ళలో మునిగినవాళ్ళకి, ఒకటి గట్టుమీద నిలబడినవాళ్ళకి.