ఐదు బావుల రంగు

వజ్రకరూరు పొలాల్లో మా తాత నాగలికి తగిలిన వజ్రాన్ని మా కోడి మింగిందనీ, ముద్దుగా పెంచుకున్న కోడిని కోయలేక తాత మూడేళ్ళు దాని వెనకాలే తిరిగాడనీ నేను ఎందరికి చెప్పానో నాకే గుర్తులేదు. మా తాతకు పొలమే లేదు. కోడి ఉండేది గానీ అది పక్కింటి వాళ్ళది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, కొందరు నమ్మేవాళ్ళు, ఎవరికీ ఏమీ పోయేది కాదు.

ఒక్క కథ వల్ల మాత్రం పోయింది. నలభై దాటిన ఈ వయసులో కూడా ఆ కథ తలుచుకుంటే తల వంచుకుని నడవాలనిపిస్తుంది. అందుకే దీన్ని పెంచకుండా, తగ్గించకుండా రాయాలని కూర్చున్నాను. చేతకాని పని, అయినా ప్రయత్నిస్తాను.

పంతొమ్మిది వందల యాభైల చివర వరసగా రెండేళ్ళు మా వైపు వానలు పడలేదు. నేను అప్పుడు మా ఊరి నేతగాళ్ళ సంఘంలో రాతపని చేసేవాణ్ణి. చీరలకు చీటీలు కట్టడం, ఉత్తరాలు రాయడం, అధికారులు వస్తే వాళ్ళ ముందు నిలబడి మాట్లాడడం. ఆ మూడోది మిగతా వాళ్ళకు రాదు, నాకు మరీ ఎక్కువ వచ్చు.

సంఘంలో మంచి పనివాడు ఒకాయన ఉండేవాడు. ఆయన్ను అన్నా అని పిలిచేవాణ్ణి. గుంట మగ్గంలో దిగితే మనిషి పెదవి విప్పేవాడు కాదు. ఆయన మగ్గానికి పట్టుకు రంగు అద్దేది ఆయన అక్క. పెళ్ళైన రెండో ఏడే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను ఎరిగేనాటికి నలభై ఏళ్ళ మనిషి. వాళ్ళింటి ఆచారం ప్రకారం ఆమెకు రంగు చీర లేదు, తెల్ల ముతక బట్టే. కానీ పొద్దస్తమానం రంగు గంగాళం దగ్గరే ఉండేది కాబట్టి చేతులు మోచేతుల దాకా ఎర్రగానో, వంకాయ రంగుగానో ఉండేవి. అట్లాగే వీధిలోకి వచ్చేది, అట్లాగే అంగడికి పోయేది. ఒకసారి నేనే అడిగాను, చేతులు కడుక్కోవా అక్కా అని.

"ఏంటికప్పా కడుక్కునేది? బట్టకు లేకుంటే పోయె, చేతులకన్నా ఉండాది గదా" అనింది.

ఆ మాట నేను మరిచిపోయి ఉంటే బాగుండేది.

ఆ కరువులో ఒకరోజు వాళ్ళ రంగు కొట్టంలోకి పోతే, కర్రకు వేలాడుతున్న పట్టు దారపు లడులు కనిపించాయి. నేను అంతకు ముందు చూడని రంగు. ఇటిక కాదు, కావి కాదు, కాఫీపొడీ కాదు. దుక్కి దున్నిన మర్నాడు మా ఎర్రనేల ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"అక్కా, ఈ రంగు పేరేమి?"

"పేరు యాడిది? మొన్నటి మిరపపండు రంగు నీళ్ళు, నిన్నటి పసుపు నీళ్ళు, కింద మిగిలిన వంకాయ రంగు నీళ్ళు, అన్నీ కలిపి ముంచినా. పారబోస్తే మళ్ళా నీళ్ళు ఎవురు తెస్తారు? బావిలో కప్పలు గూడా ఊరిడిచి పోయినాయి."

"మరి ఎంత కలపాలో ఎట్ల తెల్సు?"

"ఏలు ముంచితే తెలుస్తాది. నీకు తెల్దు, నీకు నోరే పని చేస్తాది" అని నవ్వింది.

ఆ పట్టును పేకగా వేసి, చెనిక్కాయ ఆకు పచ్చను పడుగుగా పెట్టి ఆమె తమ్ముడు నేశాడు. చీర ఒక పక్క నుంచి చూస్తే ఎండిన చేను. కాస్త మడిచి వెలుతురుకు తిప్పితే అదే చేను మీద పచ్చ పాకుతున్నట్టు ఉండేది. అంచు సన్నగా, జరీ పొదుపుగా. అంతే. సంఘం పెద్దలు ఆ చీరను హైదరాబాదులో జరిగే చేనేత ప్రదర్శనకు పంపుదామన్నారు. నేతగాడితో పాటు మాట్లాడడానికి నన్నూ పంపారు.

అక్కడ చీరలు చూసి నిర్ణయించేవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకావిడ చిన్న పుస్తకంలో అన్నీ రాసుకుంటూ వస్తున్నది. మా చీర దగ్గర ఆగింది. కొంగు తిప్పి తిప్పి చూసింది. "ఈ రంగుకు మీ ప్రాంతంలో ఏదైనా అర్థం ఉందా? ఏ శుభకార్యానికి కడతారు?" అని అడిగింది.

నేతగాడు నా వైపు చూశాడు. మిగిలిన నీళ్ళమ్మా అని చెప్పాల్సింది. అది చెప్పాలంటే నాకు నామోషీ అనిపించింది. పక్క బల్లల వాళ్ళు తామరపూలు, హంసలు, గుడి గోపురాలు చెప్పుకుంటున్నారు. మేము మురికినీళ్ళు చెప్పుకోవాలా?

"ఉందమ్మా" అన్నాను. "దీన్ని ఐదు బావుల రంగు అంటారు."

ఆమె కలం కదిలింది. ఆ కలం కదలడం చూశాక నేను ఆగలేదు. కరువొచ్చిన ఏడు ఐదిళ్ళ ముత్తైదువలు ఐదు కొత్త కుండలతో ఐదు బావుల నీళ్ళు తెస్తారన్నాను. దారిలో ఎవరితోనూ మాట్లాడరన్నాను. ఎరుపు భూదేవి అనీ, పచ్చ ఆమె కడుపు పంట అనీ, ఈ చీర కట్టిన పెళ్ళికూతురు ఏ ఇంట్లో కాలు పెడితే ఆ ఇంటి మీదికి మబ్బు వస్తుందనీ అన్నాను. ఆ ఏడు మా ఊరి బావులన్నీ కలిపి తోడినా ఒక కుండ నిండేది కాదు. ఆమె రాస్తూనే ఉంది. కథకు చివర ఒక ముడి కావాలి కదా, అది కూడా వేశాను.

"భర్త పోయిన ఆడమనిషి చెయ్యి తగిలితే ఈ రంగు విరిగిపోతుందమ్మా. మా పెద్దలు చాలా నిష్ఠగా చూసుకుంటారు."

పక్కన నిలబడిన ఆమె తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు.

మా చీరకు మొదటి బహుమతి వచ్చింది. తిరుగు ప్రయాణంలో గుత్తి దగ్గర రైలు దిగాము. బండి మారేటప్పుడు ఆయన, "మాయక్క సంగతి తెల్సుండీ అట్లంటివేమప్పా" అన్నాడు.

"కతకు కావాల్సొచ్చిందన్నా. హైదరాబాదులో అన్న మాట మనూరికి యాడొస్తాది?"

మాకంటే ముందే వచ్చింది. పత్రికలో బహుమతి సంగతితో పాటు నా కథంతా అచ్చయింది. మా ఊళ్ళో సాయిబు హోటల్లో ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. నేను లోపలికి రాగానే నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. "మనూరి ఆచారం పేపర్లో పడిందప్పా" అని ఒకాయన నాకే చెప్పాడు.

తర్వాత బళ్ళారి నుంచీ బెంగుళూరు నుంచీ వ్యాపారులు వచ్చారు. పెళ్ళిళ్ళకు అదే రంగు కావాలన్నారు. ముత్తైదువలే అద్దుతారు కదా అని మొదట అదే అడిగేవాళ్ళు, జరీ సంగతి తర్వాత. తమ్ముడికి తప్పలేదు. భార్యనూ, చుట్టాల్లో మరో నలుగురినీ కూడగట్టాడు. అక్కను గంగాళం దగ్గరికి రావద్దన్నాడు. ఎట్లా చెప్పాడో నేను వినలేదు. ఆమె లడులు ముంచే కర్రను గోడకు ఆనించి లోపలికి పోయిందని మాత్రం చెప్పారు.

బండి మీద పీపాలతో ఎక్కడి నుంచో మంచినీళ్ళు తెప్పించారు. ఐదుగురూ కలిసి అద్దారు. రంగు రాలేదు. కొత్త నీళ్ళలో ఎరుపు ఎరుపుగా, పసుపు పసుపుగా తేలింది. కలిపితే కందిపప్పు రంగు వచ్చింది. మళ్ళీ చేశారు, మళ్ళీ అంతే. వ్యాపారులు ఎదురుచూస్తున్నారు. చివరికి తమ్ముడు అక్క దగ్గరికి పోయి నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఏర్పాటు ఒకటి జరిగింది. పొద్దు పొడవకముందే ఆమె వచ్చి, పాత నీళ్ళు కలిపి, వేలు ముంచి చూసి, అద్దేసి వెళ్ళిపోవాలి. ఎండ ఎక్కాక ఐదుగురు ముత్తైదువలు కుంకుమలు పెట్టుకుని వచ్చి, ఆరేసిన లడుల కింద నిలబడాలి. అదొక్కటే కాదు. వీధిలో ఆమె చేతులు ఎవరైనా చూస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని మొదటి రోజే తమ్ముడి భార్య చింతపండు ముద్ద తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

చేతికి అంటిన రంగు చింతపండుతో పోవాలంటే తోలు మండేదాకా రుద్దాలి.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మూడు రోజులు అన్నం సహించలేదు. ఇది పెంచి రాయడం లేదు. నిజం చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. అవకాశం కూడా తనంతట తానే వచ్చింది. హైదరాబాదు నుంచి ఆ కళ్ళద్దాలావిడ మా ఊరు చూడడానికి వచ్చింది.

కొట్టం అలికి ముగ్గు వేశారు. ఐదుగురు ఐదు కుండలతో నిలబడ్డారు. కుండలు ఖాళీవి. తలుపు మూసిన వెనక గదికి చిన్న కిటికీ ఉంది. దాని చువ్వల వెనక తెల్లబట్ట కనిపించింది. ఆవిడ ముత్తైదువల్లో పెద్దామెను అడిగింది, ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారమ్మా అని.

"మాయవ్వ కాలం నుంచీ" అనిందా తల్లి, కన్నార్పకుండా. ఆమె ఈ పనిలో చేరి నెల కాలేదు. నన్ను మించిపోయింది.

"మీరు చెప్పండి, ఆ రోజు చాలా బాగా చెప్పారు" అని ఆవిడ నా వైపు తిరిగి పుస్తకం తెరిచింది.

కిటికీ నాకు ఎదురుగానే ఉంది. అమ్మా, ఆ రోజు చెప్పింది అబద్ధం, ఈ రంగు చేసినామె ఆ గదిలో ఉంది. చెప్పాల్సింది ఈ రెండు మాటలే. నోరు తెరిచాను. చుట్టూ సంఘం పెద్దలు, వ్యాపారులు, నేతగాళ్ళు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. కలం గాలిలో ఆగి ఉంది. నేను కథ చెప్పాను. పాతదే చెప్పినా కొంత నయం. ఈసారి ఆ నీళ్ళు తెచ్చేటప్పుడు ముత్తైదువలకు ఎదురు రాకుండా విధవరాళ్ళు ఆ పూటంతా తలుపులు వేసుకుని ఉంటారని కూడా చేర్చాను. మూసిన తలుపు కళ్ళముందు ఉంది కాబట్టి తోచింది. అందరూ తల ఊపారు.

కిటికీలో తెల్లబట్ట లేదు.

మర్నాడు పొద్దున్నే సాయిబు హోటలుకు పోయి, టీ కూడా తాగకుండా, పదిమంది ముందు చెప్పేశాను. ఐదు బావులూ లేవు, ఆచారమూ లేదు, అంతా నేను కల్పించింది, ఆ రంగు అక్కది అని.

 హోటలు సాయిబు అన్నాడు: "వజ్రం మింగిన కోడి కన్నా ఇది బాగుండాదన్నా."

అందరూ నవ్వారు. నేను ఒట్టు వేశాను. ఒక ముసలి నేతగాడికి కోపం వచ్చింది.

"ఏమప్పా, ప్రెయిజు వచ్చినాక అంతా నేనే చేసినా అంటాండావే. మా నాయన చెప్పేటోడు ఐదు బావుల సంగతి. నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాది అది."

"యాడ చెప్పినాడు తాతా? నేను హైదరాబాదులో నిలబడుకోని కల్పించినా."

"నువ్వు కల్పించేదానికి అంత నిష్ఠ ఉంటాదా?" అన్నాడు. మిగతావాళ్ళు ఔనన్నారు. నేను పుట్టించిన అబద్ధం గురించి నాకే ఎదురు సాక్ష్యం చెప్పారు. ఇన్నాళ్ళూ అబద్ధం చెబితే నమ్మినవాళ్ళు ఒక్కసారి నిజం చెబితే కథ అన్నారు. వాళ్ళను అనడానికి లేదు, అలవాటు చేసింది నేనే.

అక్కడి నుంచి లేచి నేరుగా ఆమె దగ్గరికి పోయాను. వెనక పెరట్లో రాతి మీద కూర్చుని చేతులు రుద్దుకుంటున్నది. ముందర చిన్న సత్తు గిన్నె, అందులో చింతపండు నీళ్ళు. మోచేతుల నుంచి కిందికి తోలు ఉడికినట్టు తెల్లగా ఉంది, అక్కడక్కడ పగిలింది. నన్ను చూసి కొంగులో చేతులు దాచుకోబోయి, మళ్ళీ ఏమనుకుందో మానేసింది.

"అక్కా, అందరికీ చెప్పినా. ఎవురూ నమ్మలే."

"తెల్సు. ఆడ నవ్వింది ఈడిదాకా ఇనపడె."

  ఆమె రుద్దడం ఆపి అడిగింది.

"మిగిలిన నీళ్ళతో చేసినామని చెప్పింటే ఆయమ్మ ప్రెయిజు ఇయ్యకపోవునా?"

అడగడంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అదే నన్ను ఈ రోజు వరకూ వదల్లేదు. ఇచ్చి ఉండేదేమో. ఆవిడ కొంగు తిప్పి చూసినంతసేపూ నేనింకా నోరు తెరవలేదు. ఆ రంగును చూసే ఆగింది, నా కథకు కాదు. నేను చెప్పి చూడలేదు, అంతే.

"తెల్దక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. ఎడమ చేతి గోళ్ళ కింద ఇంకా ఎర్రమట్టి రంగు సన్నగా మిగిలి ఉంది. దాన్ని ఒకసారి చూసుకుని, పుల్లతో గీకి తీసేసింది. తర్వాత గిన్నె పట్టుకుని లేచింది. లోపల ముత్తైదువల మాటలు వినిపిస్తుంటే కొట్టం గుమ్మం బయటే ఆగింది. రేపటి రంగు కోసం నీళ్ళు దాచిన కుండ అక్కడ గోడ పక్కన ఉంది. తన చేతుల రంగు కరిగిన ఆ నీళ్ళను ఒక్క చుక్క నేల మీద పడకుండా అందులో పోసింది.