బొట్టు పెట్టిన ఇంజను

ఎనభైల్లో జెర్సీ సిటీలో మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న అంకుల్, బొమ్మ రైలింజన్లకు రంగులతోనే తుప్పూ మసీ తెప్పించేవారు. "ఇంజనన్నాక పనిచేసినట్టు కనపడాలమ్మా," అంటూ కుంచెను చొక్కా చేతికే తుడిచేవారు.

దసరాకి అమ్మ మా కారుతోపాటు ఆయన ఇంజనొకదాన్నీ సబ్బుతో తోమి, కుంకుమ బొట్టు పెట్టింది. "ఎంత మురికి పట్టిందో, అన్నయ్యగారూ!" అంది సంబరంగా. నెలల పని కొట్టుకుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన చొక్కా చెయ్యి సవరించుకుని, "థాంక్స్, చెల్లెమ్మా," అన్నారు.

సంగతి తెలిశాక అమ్మ బేస్‌మెంట్ మెట్లు దిగలేదు. అక్కడి వాషింగ్ మెషీన్‌లో బట్టలుతికే పని నాన్న మీద పడింది.

వేసవిలో బొమ్మ రైళ్ల షోకి అంకుల్ మమ్మల్ని పిలిచారు. ఇంజను మళ్ళీ మసిబారి ఉంది. ముందువైపు బొట్టు కూడా ఉంది, వానకి కాస్త కారినట్టు రంగుతో దిద్దారు.

ఆయన మావైపు చూసేలోపే అమ్మ నా వెనక్కి తప్పుకుంది.