ఖమ్మం బస్సులో ఆడబిడ్డ కట్నం

పొద్దున అయిదున్నరకు మణుగూరు బస్టాండులో ఖమ్మం బస్సు ఎక్కాం, నేనూ, లచ్చుమమ్మా, ఆమె కోడీ. మీరు పోదలుచుకుంటే ఆ బస్సే పట్టుకోండి. బోర్డు చూసి ఎక్కండి. కొత్తగూడెం బస్సు ఎక్కితే అక్కడ దిగి మళ్ళీ నిలబడాలి. నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. అప్పటినుంచి బోర్డు చదవకుండా ఏ బస్సూ ఎక్కలేదు.

మా మనవరాళ్ళు ఇద్దరూ భద్రాచలం హాస్టల్లో చదువుకుంటూ ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. నా మనవరాలు ముత్యాలు వెనక వరసలో నిలబడి అవతలివాళ్ళను ఆపుతుంది. లచ్చుమమ్మ మనవరాలు సుజాత ముందు వరసలో ఉరికి గోల్స్ కొడుతుంది. ఆ రోజు ఖమ్మంలో వాళ్ళ ఆట చూడటానికి హైదరాబాదు నుంచి ఒక కోచమ్మ వస్తోంది. ఆమె జట్టులో ఒకే ఒక్క ఖాళీ ఉంది. ఆమెకు నచ్చిన పిల్లకు ఆ చోటు, దానితోపాటు నెలజీతం. మా రెండు ఇళ్ళలోనూ అప్పటిదాకా నెలజీతం చూసినవాళ్ళు లేరు.

అశ్వాపురం దాటాక కండక్టర్ మా దగ్గరికి వచ్చి లచ్చుమమ్మ ఒళ్ళో ఉన్న కోడి బుట్టలోకి తొంగి చూశాడు.

"పెద్దమ్మా, కోడికి టికెట్ తియ్యాలె."

"సీట్ల కూసుంటె తీస్త. నా ఒళ్ళె కూసున్నది గదా," అంది లచ్చుమమ్మ.

"ఒళ్ళె కూసున్నా సరె, అర టికెట్."

పాల్వంచ దాకా వాదించి, చివరికి తీసింది. సుజాత పేరు పిలవగానే ఖమ్మంలోనే అమ్మవారికి ఆ కోడిని కొయ్యాలని ఆమె మొక్కు. ఊరికి తిరిగి వచ్చేదాకా ఆగే ఓపిక కూడా లేదు. అంత నమ్మకం ఆమెకు.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. చాయ్ బాగుంది, తాగండి. బజ్జీల జోలికి పోకండి, నిన్నటివి. అక్కడ ఎక్కిన ఒక సాయిబు మా ముందు సీట్లో కూర్చున్నాడు. ఖమ్మంలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడట, ఫుట్‌బాల్ అంటే ప్రాణమట. మా సంగతి విని నావైపు జాలిగా చూశాడు.

"ఎనక ఆడేటోళ్ళ పేరు పేపర్ల రాదమ్మా. తప్పు జేస్తెనే వస్తది."

లచ్చుమమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. "ఇన్నవా వదినె? అయినా నీ మనవరాలు మా పిల్లకు ఆడబిడ్డ వరస. వాకిట్ల అడ్డం నిలబడితె ఎంతసేపు నిలబడ్తది? చేతుల కట్నం పెట్టంగనె జరుగుతది!"

మా రెండు ఇళ్ళకూ పిల్లనిచ్చి పుచ్చుకునే వరస. పెళ్ళయి కొత్త జంట ఇంటికి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు చెల్లెలు వాకిట్లో అడ్డం నిలబడుతుంది. తన కట్నం తనకు అందేదాకా లోపలికి పోనియ్యదు. లచ్చుమమ్మ ఎత్తిపొడిచింది దాని గురించే. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ మాట గుచ్చుకుంది.

పదింటికి ఖమ్మంలో దిగి పూరీ తిన్నాం. కూరలో ఆలుగడ్డను వెతుక్కోవాలి. పదకొండింటికి ఆట మొదలైంది. మైదానంలో నీడ లేదు, పోయేవాళ్ళు తువ్వాలు పట్టుకుపోండి.

మా పిల్లలను చెరొక జట్టులో వేశారు. ఎర్ర అంగీలో సుజాత, తెల్ల అంగీలో ముత్యాలు. సుజాత జింకలాగా వస్తుంది. ముత్యాలు మీద పడదు, తొందరపడదు. పక్కకు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఆ పిల్లను గీత అంచుకు తీసుకుపోయి, అక్కడ బంతిని బయటికి తన్నేస్తుంది. ఎన్నిసార్లు వచ్చినా ఇదే తంతు. లచ్చుమమ్మ "జరుగవే ఆడబిడ్డా!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

సగం ఆటకు గోలు లేదు. ముత్యాలు నీళ్ళ కోసం కంచె దగ్గరికి వచ్చింది. లచ్చుమమ్మ కొంచెం అవతల కోడికి గింజలు వేస్తోంది.

"అవ్వా, సుజాత ఏడుస్తున్నది. ఒక్కసారి పోనిస్తె ఏమైతది?" అని మెల్లగా అడిగింది ముత్యాలు.

"నువ్వు పోనిస్తె అది కొట్టిన గోలు గాదు, నువ్వేసిన బిచ్చం. నీ వదినెకు బిచ్చమేస్తవా?"

పిల్ల మూతి తుడుచుకుని పోయింది. చివరిలో సుజాత ఒక్కసారి ముత్యాలును దాటింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ముత్యాలు నేలమీద జారి కాలి కొనతో బంతిని తప్పించేసింది. మోకాలు చెక్కుకుపోయింది. ఆట గోలు లేకుండానే ముగిసింది.

కోచమ్మ మాటలు పొడుగు చెయ్యలేదు. "కొట్టేటోళ్ళు నాకున్నరు, ఆపేటోళ్ళే లేరు," అని ముత్యాలు భుజం తట్టింది. సుజాతను వచ్చే ఏడు మళ్ళీ రమ్మంది. ఇద్దరు పిల్లలూ ఒకరి మెడమీద ఒకరు పడి ఏడ్చి, హాస్టల్ వ్యాన్ ఎక్కారు.

తర్వాతి సంగతి కూడా చెబుతాను. ముత్యాలు ఆ జట్టుతో కలకత్తా చూసింది, గోవా చూసింది. ఒకసారి మోకాలికి ఆపరేషన్ అయి దవాఖానాలో పడుకుంది, లేచి మళ్ళీ ఆడుతోంది. ఇంతవరకు ఒక్క గోలూ కొట్టలేదు. సెలవులకు ఇంటికి వస్తే సుజాత వదలదు, "నా ముందల నిలబడు" అని చేలోకి లాక్కుపోతుంది.

ఆ రోజు మాకు సాయంత్రం నాలుగింటి బస్సు దొరికింది. లచ్చుమమ్మ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. కొత్తగూడెంలో చాయ్‌కి కూడా దిగలేదు. నేను మాట్లాడితే గొప్పలకు పోయినట్టుంటుందని ఊరుకున్నాను. పాల్వంచ దాటాక ఆమే నోరు విప్పింది.

"నీళ్ళకాడ మీ పిల్ల అడిగింది నేను ఇన్న వదినె."

నేను ఆమె వైపు తిరిగాను.

"నువ్వు సరె అంటివా, కోడిని నీ నెత్తిన ఇసిరేద్దును," అంది. తర్వాత బుట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఆడబిడ్డ కట్నం. తీస్కో."

"లోపలికి పోనిస్తెనే గదనే కట్నం? మాది పోనియ్యనే లేదు."

"అవ్, పోనియ్యలే. గట్ల నిలబడ్డ ఆడబిడ్డను నేనేడ చూడలే. తీస్కో అంటున్నగదా!"

కండక్టర్ వచ్చాడు. పొద్దుటి మనిషే. బుట్ట చూసి నవ్వాడు.

"గీ కోడి ఎవరిది?"

"నాదే," అని అర టికెట్ తీశాను.