మరదలు చెయ్యెత్తిన ఆట

ఆ రోజు మా మరదలు భయపడి ఓడిపోలేదు. చెప్పవలసిన చోట నేను చెప్పని మాట ఇదే. పోయిన నెల ఊళ్ళో ఆమెకు సన్మానం జరుగుతుంటే, వేదిక మీద ఒక పెద్దమనిషి, ఒకప్పుడు బెదిరిపోయి ఆట ఓడిన పిల్ల తరవాత దేశదేశాల్లో కత్తి తిప్పి వచ్చిందని పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బెదురు కథ పుట్టించినవాణ్ణి, ముందు వరసలో తల దించుకుని కూర్చున్నాను.

మాది భోగాపురం దగ్గర సముద్రాన్ని నమ్ముకున్న ఊరు. మావయ్యది చేపల వ్యాపారం. నేను కాలేజీ రోజుల్లో ఫెన్సింగ్ నేర్చుకుని, అందులో పెద్దగా రాణించక, గరివిడిలో డ్రిల్లు మాస్టారుగా కుదురుకున్నాను. సెలవులకు వెళ్ళినప్పుడు మావయ్య కూతురికి మొదటి అడుగులు నేర్పింది నేనే. ఇనుప జాలీ ముసుగు తొడుక్కుని తడి ఇసుకలో ఆమె ముందుకు దూకుతుంటే, వలలు బాగుచేసుకునేవాళ్ళు పని ఆపి చూసేవారు.

"ఒసే, మొకానికి జల్లెడ కట్టుకుని ఎవులి మీదకే యుద్దం?" అని మావయ్య ఎగతాళి చేసేవాడు.

"నీకాడ సేపలు బేరమాడినోళ్ళ మీదకే అయ్యా!" అనేది ఆమె. మావయ్య నవ్వుకుని, ఆ పూట వచ్చిన వాటిలో మంచి వంజరం ముక్క ఆమె కోసం పక్కన పెట్టించేవాడు.

రాష్ట్ర ఎంపిక పోటీల్లో మరదలు ఆఖరి ఆట దాకా వచ్చింది. గెలిచిన పిల్లకే జాతీయ శిబిరంలో చోటు. కత్తి తగిలితే దీపం వెలిగించే యంత్రం మధ్యలో చెడిపోవడంతో, పాత పద్ధతిలో కంటితో చూసి చెయ్యెత్తేందుకు ఆట తెలిసిన కొందరిని చుట్టూ నిలబెట్టారు. వారిలో నేనొకణ్ణి. మరదలి మీద పడే దెబ్బలు చూడటం నా వంతు. వాళ్ళు ఆడే రకంలో ఒంటి మీద ఎక్కడ తగిలినా పాయింటే. ఇద్దరూ సమానంగా ఉండి ఒక్క పాయింటుతో ఆట తేలాల్సి ఉండగా, ఎదుటి పిల్ల కత్తి మొన మా మరదలి బూటు కొసకు తగిలింది. నేను చూశాను. మన పిల్ల కదా అని చెయ్యెత్తలేదు. ఇంకెవరికీ కనబడలేదు. రిఫరీ ఆట సాగించబోతుంటే, మరదలు ముసుగు తీసి, తనే చెయ్యెత్తి, తగిలిందని చెప్పింది. దెబ్బ తిన్నవాళ్ళే ఒప్పుకోవడం కత్తి పట్టినవాళ్ళ పాత మర్యాద. ఆమెకు అది నేర్పిందీ నేనే.

ఇంటికి రాగానే మావయ్య అడిగాడు: "ఏటయ్యిందిరా అల్లుడా?"

నిజం చెబితే, నువ్వెందుకు చెయ్యెత్తలేదని అడుగుతాడు. "బెదిరిపోనాది మావా" అన్నాను. మరదలు నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. బెదిరే పిల్లకి కత్తెందుకని మావయ్య ఆట మానిపించబోయాడు. ఆమె అన్నం మాని, అలిగి, పంతం నెగ్గించుకుంది. ఆ తరవాత నన్ను ఏ సాయమూ అడగలేదు. ఒంటరిగా ఇసుకలో దూకి దూకి, మరుసటి ఏడు శిబిరంలో చోటు సంపాదించింది.

మొదటిసారి విదేశం వెళ్ళినప్పుడు తనకంటే ఎంతో పొడుగైనవాళ్ళ చేతిలో ఓడి వచ్చింది. వాళ్ళ చేతుల పొడుగును తన కాళ్ళ వేగంతో ఎలా అందుకోవాలో నేర్చుకుని మళ్ళీ వెళ్ళింది. పతకాలు తెచ్చింది. ఒక అంతర్జాతీయ పోటీలో తన కత్తి నేలకు తగిలి దీపం వెలిగితే, ఆ పాయింటు తనది కాదని తనే రిఫరీకి చెప్పడం ఫోనులో చూసి, నాకు కళ్ళు చెమర్చాయి. ఇప్పుడు ఆ యంత్రాలు మా జిల్లా పిల్లలకూ అందుబాటులోకి వచ్చాయి. సంతోషమే. కానీ తగిలిందంటూ ఒక పిల్ల తనంతట తాను చెయ్యెత్తే దృశ్యం ఇక అరుదు. దాన్ని తలచుకున్నప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది.

సన్మానం అయ్యాక మావయ్య, మరదలు, నేను వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాం. "బెదిరిన పిల్లే ఎంతదైపోనాదో సూడు!" అని ఆయన మురిసిపోతున్నాడు. ఇక ఆగలేకపోయాను.

"మావా, ఆ దినం అది బెదర్లేదు. దెబ్బ తగలడం నాను సూసినాను, సెయ్యెత్తలేదు. అదే ఒప్పుకున్నాది. నీకు అబద్దం సెప్పినాను."

నేను మరదలి వైపు తిరిగాను.

"తప్పు నాదే పిల్లా. నన్ను సెమించు."