తుమ్మినవాడికి చెప్పిన కథ

నా తెలివితేటల మీద నాకు చిన్నప్పటి నుంచీ మంచి గౌరవం ఉండేది. అది ఒక్క మధ్యాహ్నంలో ఎలా పోయిందో, పోతూ పోతూ ఊరి ప్రభను కూడా ఎలా వెంట తీసుకుపోబోయిందో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తున్నాను. పొరపాటు నాదే, కానీ క్షమాపణ చెప్పను. ముఖ్యంగా ఆ కంపెనీకి.

కేబుల్ టీవీ మా పల్లెలకు కొత్తగా వచ్చిన రోజులవి. నేను చిలకలూరిపేటలో డిగ్రీ చదువుతున్నానని మా నాన్న నమ్ముతున్న కాలం. ఆదివారం పొద్దున్నే ‘ధ్రువనౌక’ అని ఒక సీరియల్ వచ్చేది. బొంబాయి కంపెనీ ఒకటి దాన్ని హిందీలో తీసి, తెలుగులో మాట్లాడించేది. చుక్కల మధ్య తిరిగే ఓడ, దానికొక కెప్టెన్, ఆయన వెనక పోట్లాడుకుంటూ ఉండే సిబ్బంది. అట్టముక్కలకి వెండిరంగు పూసి ఓడ అన్నారని కాలేజీలో కొందరు ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లతో నాకు ఇప్పటికీ మాటల్లేవు.

మా ఊళ్లో దీనికి అభిమాన సంఘం పెట్టాను. అధ్యక్షుణ్ణి నేను. కార్యదర్శి కోటి. కోటి అంటే కోటేశ్వరరావు, ఎలక్ట్రికల్ పనులు చేస్తాడు. కోటప్పకొండ చుట్టుపక్కల మీకు పేరు తెలియని మనిషి ఎదురైతే కోటేశ్వరరావూ అని పిలిచి చూడండి, చాలాసార్లు పలుకుతాడు.

అలా హాయిగా సాగుతుండగా ఒక ఆదివారం కెప్టెన్ ఓడతో సహా నల్లబిలంలో పడిపోయాడు. వచ్చే వారం ఏమవుతుందో చూడండి అన్నారు. చూశాం. వచ్చే వారం ఆ టైముకి వంటల కార్యక్రమంలో వంకాయ కూర వచ్చింది. ఆ పై వారం కూడా వంకాయే. సీరియల్ ఆపేశారట. కెప్టెన్‌ని మాత్రం బిలంలోనే వదిలేశారు.

మేం ఊరుకోలేదు. కంపెనీకి కార్డు మీద కార్డు రాశాం. మొదట మర్యాదగా, తర్వాత కోపంగా, చివరికి కెప్టెన్ భార్య తరఫున కూడా రాశాం. సమాధానం లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. శివరాత్రి దగ్గర పడుతోంది. మా వైపు ఊళ్లన్నీ కొండ తిరునాళ్లకి ప్రభలు కడతాయి. వెదురు బొంగులతో తాటిచెట్టుని మించిన ఎత్తు లేపి, రంగు కాగితాలు అంటించి, ఒళ్లంతా బల్బులు పెట్టి, జనరేటరుతో సహా ట్రాక్టరు మీద కొండకి తోలుకుపోతారు. ఎవరి ప్రభ గొప్పదన్నది ఊరి పరువుకి సంబంధించిన విషయం. ఈసారి మా ప్రభను ధ్రువనౌక ఆకారంలో కడదామన్నాను. ముక్కు పైకి పెట్టి నిలబెడితే ఓడకీ ప్రభకీ పెద్ద తేడా లేదు.

ప్రభ పెత్తనం మా వీరయ్య పెదనాన్నది. ఆయన ఒప్పుకోవడానికి చాలా కాఫీలు అయ్యాయి.

“శివుడికి దీంతో ఏం సంబంధంరా శ్రీనూ?”

“ఆయన ఉండేది పైన. ఓడ వెళ్లేదీ పైకే. ఇంకేం సంబంధం కావాలి పెదనాన్నా.”

ఆయన కాసేపు ఆలోచించి, పైన త్రిశూలం పెడితే సరే అన్నాడు. త్రిశూలం సీరియల్లో లేదు. పెట్టేశాం. నిజం చెప్పాలంటే దాంతో ఓడకి అందం వచ్చింది.

మాకు మురిపెం ఎక్కువై, ఇంకా కడుతుండగానే జిల్లా పేపరుకి ఫొటో ఇచ్చాం. ఇన్ని కార్డులు రాసినా పలకని కంపెనీ ఆ ఒక్క ఫొటోకి పలికింది. వారం తిరక్కుండా రిజిస్టరు పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. ఓడ వాళ్లదట, ఓడ పేరు వాళ్లదట, ఓడలా కనిపించే ఏ వస్తువైనా వాళ్లదేనట. ప్రభను వెంటనే విప్పెయ్యకపోతే కోర్టుకి లాగుతారట.

పెదనాన్న దాన్ని నా చేత చదివించుకుని, పైపంచె సర్దుకున్నాడు. “మా తాత నాటి నుంచి ఈ ఊరి ప్రభ కొండెక్కని శివరాత్రి లేదు. కరువులో కట్టాం. తుఫాను ఏడాది కట్టాం. నీ ఓడ మూలంగా ఆగిందంటే నువ్వీ ఊళ్లో తలెత్తుకు తిరగలేవు. చెప్పు, విప్పమంటావా?”

“వద్దు పెదనాన్నా. కంపెనీ వాళ్లు బొంబాయి నుంచి మన కల్లం దాకా వస్తారా? వస్తే నేను చూసుకుంటా. పూచీ నాది.”

ఈ పూచీ అన్న మాట గుర్తుపెట్టుకోండి. నేను తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాను.

శివరాత్రి ముందురోజు మధ్యాహ్నం. మిరప కల్లంలో ఒక మూల ఓడ కడుతున్నాం, మిగతా కల్లమంతా ఎర్రగా కాయలు ఎండుతున్నాయి. రోడ్డు మీద ఆటో ఆగి ఒక మనిషి దిగాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, మెడలో కెమెరా. నేరుగా వచ్చి, ఎవరినీ పలకరించకుండా, మా ఓడని అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు.

మా వైపు పరిస్థితి తెలియని వాళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. తిరునాళ్ల ముందు పక్క ఊళ్ల నుంచి మనుషులు వచ్చి మన ప్రభ ఎత్తెంతో, లైటింగు ఏమిటో కనిపెట్టి పోతుంటారు. అలా దొరికినవాణ్ణి కొట్టం, తిట్టం. కడుపు నిండా పెట్టి, ప్రభ ఊరు దాటేదాకా కదలనివ్వం. పైగా పని చేయిస్తాం. ఇది తరతరాల మర్యాద.

“కోటీ, పక్క ఊరోడు దొరికాడు,” అన్నాను. వెళ్లి కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టాను. “ఏ ఊరి నుంచి పంపారు?”

“హైదరాబాదు ఆఫీసు నుంచండీ. కంపెనీ తరఫున వచ్చాను.”

“ఏ కంపెనీ?”

“ధ్రువనౌక కంపెనీ అండీ. నా పేరు శేఖర్.”

నేను పెద్దగా నవ్వాను. అప్పటికి నోటీసు సంగతి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. పట్టుబడ్డ ప్రతివాడూ చెప్పే మాట అదే అవుతుందని ముందే అనుకున్నాను. అందుకు నా దగ్గర పరీక్ష సిద్ధంగా ఉంది.

“కంపెనీ వాడివైతే చెప్పు. ఓడలో వంటవాడి పేరేంటి?”

“తెలీదండి.”

“ఓడకి రెక్కలెన్ని?”

ఆయన తలెత్తి మా ఓడకేసి చూశాడు. “రెండు కదండీ?”

“నాలుగు. తక్కిన రెండూ యుద్ధమప్పుడే తెరుచుకుంటాయి. పోనీ, కెప్టెన్ ఎడమ చేతికి వాచీ ఎందుకు పెట్టుకోడు?”

“అసలు నేను ఆ సీరియల్ చూడలేదండి. నేను లీగల్ సెక్షన్లో చేస్తాను.”

“విన్నావా కోటీ. ఓడకి ఓనర్లట. వాచీ సంగతి కూడా తెలీదు.”

మీరే చెప్పండి. ఒక వస్తువు మాదేనని దేశమంతా నోటీసులు పంపేవాడు, ఆ వస్తువుని ఒక్కసారైనా చూసి ఉంటాడని అనుకోమా? ఆ వయసులో నాకు అంత అమాయకత్వం ఉండేది.

అంతలో ఆయన తుమ్మడం మొదలుపెట్టాడు. ఎండిన కాయల ఘాటు ఎక్కినట్టుంది, ఒకదాని వెనక ఒకటి, ఊపిరి సలపనివ్వకుండా తుమ్ములు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

కోటి నన్ను పక్కకి లాగాడు. “ఒరేయ్, పక్క ఊరోడైతే మిరపకాయలకి ఇంతలా తుమ్ముతాడంట్రా? ఊయల్లో పిల్లలు కూడా తుమ్మరు మన వైపు.”

“నటనరా. బాగా తర్ఫీదు ఇచ్చి పంపారు.”

నా జీవితంలో ఇంతకంటే తెలివితక్కువ మాట నేను అనలేదు. అన్నానేమో, దానికి సాక్షులు లేరు.

మర్యాద ప్రకారం గోంగూర పచ్చడితో అన్నం పెట్టించాం. పాపం, దానికీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత మైదా జిగురు గిన్నె చేతికిచ్చి రంగు కాగితాలకి రాయమన్నాం. ఆయన కాసేపు ఫోను ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, పేటలో దొరుకుతుందని చెప్పాం. ఇక గత్యంతరం లేక జిగురు రాస్తూ కూర్చున్నాడు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని నేను సీరియల్ కథ మొదటి నుంచీ చెప్పాను. చూడలేదన్నాడుగా. కెప్టెన్ బిలంలో పడిన చోటికి వచ్చేసరికి ఆయన చేతిలో జిగురు ఆరిపోయింది.

“తర్వాత ఏమయిందండీ?”

“తర్వాత లేదు. ఆపేశారు.”

“అదేంటండీ, అలా ఎలా ఆపేస్తారు?”

ఆ ప్రశ్నకి నా గుండె కరిగిపోయింది. నేను ఎవరికీ చెప్పని ముగింపు, కొండ దగ్గర మైకులో చెబుదామని దాచుకున్న ముగింపు, వినిపించేశాను. కొండకి వెళ్లే జనం “చేదుకో కోటయ్యా” అని కేకలు పెడతారు, బావిలోంచి చేదినట్టు మమ్మల్ని పైకి లాగు స్వామీ అని. మా ప్రభ కాలవలో దిగబడితే ఊరంతా మోకులు పట్టుకుని లాగేదీ ఆ కేకతోనే. నా కథలో కెప్టెన్ ఏ గ్రహాల వాళ్లకి సాయం చేశాడో వాళ్లందరూ బిలం అంచుకి వచ్చి, వెలుగుతో పేనిన మోకు లోపలికి వదులుతారు. చేదుకో అంటూ అందరూ ఒక్కసారి లాగుతారు. ఓడ పైకి వస్తుంది.

ఆయన గిన్నె పక్కన పెట్టేశాడు. తుమ్మడం కూడా మర్చిపోయాడు. “బాగుందండీ,” అన్నాడు. “చాలా బాగుంది.” నేను పొంగిపోయాను.

సాయంత్రం ఓడను నిలబెట్టి మోకులు బిగిస్తుండగా పెదనాన్న వచ్చాడు. కొత్త మనిషిని చూసి, “మీదే ఊరు బాబూ?” అని అడిగాడు. శేఖర్ జేబులోంచి ఫొటో ఉన్న కంపెనీ కార్డు తీసి ఇచ్చాడు.

“ఇది నాకు ముందే చూపించొచ్చుగా,” అన్నాను.

“మీరు కార్డు అడగలేదండి. పరీక్ష పెట్టారు.”

పెదనాన్న నా వైపు చూసిన చూపు వర్ణించను. శేఖర్ మొహమాటంగానే తన పని చెప్పాడు. ప్రభ ఈ ఆకారంలో కదలకూడదు. రెండో నోటీసు చేతికిచ్చి వెళ్లాలి. కాదంటే పేటకి వెళ్లి పోలీసులతో వస్తాడు. ఇంత చెప్పి సంచిలో చెయ్యి పెట్టాడు. సంచి ఖాళీ.

కోటి నెమ్మదిగా తలెత్తి ఓడ కొనకేసి చూశాడు. ముక్కు దగ్గర కాగితం తక్కువైందట. సంచిలో గట్టి తెల్ల కాగితాలు కనిపిస్తే అతికించేశాడట. వాడికి చదువొచ్చు, జిగురు చేతిలో ఉన్నప్పుడు చదివే అలవాటు లేదు.

ఊరంతా మెడలు ఎత్తి చూసింది. త్రిశూలం కింద, బల్బుల మధ్య, కంపెనీ ముద్ర మెరుస్తోంది.

“ఎక్కి తెచ్చుకుంటావా బాబూ?” అన్నాడు పెదనాన్న.

శేఖర్ ఆ ఎత్తు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను అప్పటికే తెగించి ఉన్నాను. పూచీ నాది కదా.

“శేఖర్ గారూ, మిమ్మల్ని కూర్చోబెట్టడం నా బుద్ధితక్కువ. కానీ ఒకటి అడుగుతా. మేం రాసిన కార్డులకి మీ ఆఫీసులో ఒక్కరు జవాబు రాయలేదు. ఓడ మాది అంటున్నారు. అందులో ఉన్న మనుషులు ఎవరివాళ్లు? వాళ్లని చీకట్లో పడేసి వంకాయ కూర చూపించారు మీరు. వాళ్ల కోసం ఏడ్చింది మేం. విప్పమంటే విప్పం. పోలీసుల్నే తెచ్చుకోండి.”

సిగ్గుపడను, నిజంగానే ఏడుపొచ్చింది.

శేఖర్ ఓడని కింద నుంచి పైదాకా చూశాడు. తర్వాత లాయరు గొంతుతో అన్నాడు. “చేతికి ఇవ్వడం వీలుకాకపోతే కనపడే చోట అంటించినా నోటీసు ఇచ్చినట్టే లెక్కండి. అంటించారు. నా పని అయిపోయింది.” కెమెరా తీసి, ముక్కు కనపడేలా ఒక ఫొటో తీసుకున్నాడు. సంచి పక్కన పెట్టి వచ్చి మోకు పట్టుకున్నాడు. చేదుకో అని ఊరు కేక వేసినప్పుడు ఆయన గొంతు కూడా వినపడింది, మధ్యలో ఒక తుమ్ముతో సహా. మా ప్రభ నోటీసు నెత్తిన పెట్టుకుని కొండకి వెళ్లింది. శేఖర్ మెచ్చుకున్న నా ముగింపుని ఆ తర్వాత ఊళ్లో ఇంటింటికీ చెప్పుకున్నాను.

ఇక్కడితో అయిపోతే ఇది విజయగాథ. నా ఖర్మ, కాలేదు.

పత్తి చేలు పూతకొచ్చే వేళకి ధ్రువనౌక మళ్లీ మొదలవుతుందని టీవీలో వేశారు. ఆ ఆదివారం ఊరు ఊరంతా కోటి కొట్టు ముందు చేరింది. చీకటి బిలం. లోపల కెప్టెన్. అంచు మీద రకరకాల గ్రహాల వాళ్లు. వెలుగుతో పేనిన మోకు లోపలికి దిగింది. అందరూ చేదుకో అంటూ లాగారు. బయటికొచ్చిన ఓడ కొన మీద త్రిశూలం.

ఊరి తలకాయలన్నీ టీవీ వదిలి నా వైపు తిరిగాయి.

“ఏరా శ్రీనూ,” అన్నాడు పెదనాన్న, “ఇది నువ్వు ఆ తుమ్ములాయనకి చెప్పిన కథే కదా.”

నేను జవాబు చెప్పేలోపు తెర మీద అక్షరాలు పడ్డాయి. ఈ కథపై సర్వహక్కులూ కంపెనీవేనట. ఎవరైనా వాడుకుంటే చట్టప్రకారం చర్య తీసుకుంటారట. కంపెనీకి మళ్లీ కార్డు రాశాను. జవాబు రాలేదని వేరే చెప్పాలా?

ఆ పై శివరాత్రికి మళ్లీ ఓడే కట్టాం, ఇంకా ఎత్తుగా. ఈసారి ముక్కు మీద పెదనాన్న చెప్పి రాయించిన బోర్డు, చుట్టూ ఎర్ర బల్బులతో: “ఈ కథ మా ఊరిది. టీవీలో చూపించుకోవడానికి కంపెనీ వారికి దయతో అనుమతి ఇవ్వడమైనది.” దానికి మాత్రం ఏ నోటీసూ రాలేదు.

నేను ఆ కొండ మీదే, కోటయ్య ఎదుట, తడిబట్టలతో ప్రమాణం చేశాను. ఇక మీదట మా కల్లంలోకి కొత్తవాడు ఎవడు అడుగుపెట్టినా ముందు ఒక ఎండుమిరపకాయ విరిచి ముక్కు దగ్గర పెడతాను. తుమ్మకపోతే జిగురు గిన్నె ఇస్తాను. తుమ్మితే అన్నం పెడతాను, మజ్జిగ పోస్తాను, ఆటో ఎక్కిస్తాను. కథ మాత్రం చెప్పను.